ముప్ఫయ్యో ఏట ఆటలమ్మ

"నీకు ఆటలమ్మా? అది చిన్నపిల్లలకి కదా వచ్చేది!"

మొన్న ఫిబ్రవరి నెలాఖర్లో వారం తిరక్కుండా ఈ మాట నాతో తొమ్మిది మంది అన్నారు. మంచం మీద పడున్నవాడికి వేరే పనేముంటుంది, లెక్కపెట్టాను. మేనేజర్ అన్నాడు, టీమ్‌లో ముగ్గురు అన్నారు, మందుల షాపు కుర్రాడు అన్నాడు, మా పెద్దమ్మ ఫోన్లో నవ్వుతూ అంది. ముప్ఫయ్యేళ్ళ వాడు పాలసీసా పట్టుకుని తిరుగుతున్నట్టు చూశారందరూ. ఒక్క హాస్టల్ ఆంటీ మాత్రం ఆశ్చర్యపోలేదు. మెట్ల మీదే ఆగి నా మొహం చూసి, "పదిహేను రోజులు ఊరెళ్ళి రా బాబూ, మంచం నీకే ఉంచుతా" అంది. ఆ మాట ఎన్నోసారి అంటోందో మరి, గొంతులో ఏ మార్పూ లేదు.

నాకు ఆ తొమ్మిది మంది కన్నా ఈవిడకే జబ్బు గురించి ఎక్కువ తెలుసనిపించింది. ఆటలమ్మ చిన్నపిల్లల జబ్బు అన్నది చలిదేశాల్లో నిజం. మన దగ్గర అది సగం నిజమే. ఇక్కడ పెద్దవాళ్ళకి రావడం మామూలు. మామూలు కాదనుకోవడం వల్ల జరిగే నష్టం ఏమిటో నా ఒంటి మీదే చూశాను కాబట్టి రాస్తున్నాను.

శుక్రవారం రాత్రి ఒళ్ళునొప్పులు, కాస్త జ్వరం. పారాసిటమాల్ వేసుకుని పడుకున్నాను. శనివారం పొద్దున స్నానం చేస్తుంటే ఛాతీ మీద దోమ కుట్టినట్టు రెండు దద్దుర్లు. మధ్యాహ్నానికి వీపు మీద ఐదారు. సాయంత్రం దువ్వుకుంటుంటే తల్లో కూడా తగిలాయి. వీధి చివర క్లినిక్‌కి వెళితే డాక్టరుగారు చొక్కా విప్పమని కూడా అనలేదు. "ఎండలు మొదలయ్యాయి కదా, చెమట పొక్కులు" అని ఓ ఆయింట్‌మెంటూ, దురదకి మాత్రలూ రాశారు. వయసు అడిగి రాసుకున్నారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా అని అడగలేదు. ముప్ఫై అనగానే ఆ ప్రశ్న ఆయన మనసులోంచి కొట్టుకుపోయి ఉంటుంది.

కనిపెట్టింది నా రూమ్మేట్. వాళ్ళది నల్గొండ పక్క పల్లె. వీపు మీద ఫోన్ లైటు వేసి చూసి, "అన్నా, ఇది చెమట కాదే, తల్లి అయింది నీకు" అన్నాడు. వాడికెలా తెలుసంటే కిందటేడు వాడికే వచ్చింది, ఇరవై నాలుగో ఏట. నాకు రెండు వారాల ముందు మూడో అంతస్తులో ఓ కుర్రాడు దుప్పటి కప్పుకుని బస్సెక్కాడు. జనవరి నుంచి లెక్కేస్తే, అమీర్‌పేటలో నలభై మంది ఉండే ఆ హాస్టల్లో నేను నాలుగోవాణ్ణి.

మొదటి డాక్టరుగారి తప్పుని నేను పెద్దది చేయను. ఈ జబ్బు పొక్కు ఎలా ఉంటుందో చెప్పడానికి వైద్య పుస్తకాల్లో ఒక అందమైన పోలిక ఉంది: గులాబీ రేకు మీద మంచుబొట్టు. తెల్లతోలు మీద చూసినవాళ్ళు కట్టిన పోలిక అది. ఎర్రటి మచ్చ, దాని మీద నీటి బొట్టు. నా చామనఛాయ వీపు మీద గులాబీ రేకు ఎక్కడ వెతుకుతారు? మన ఒంటి మీద గుర్తు పట్టాల్సింది వేరేది. ఒకే చోట ఒకటి దద్దురుగా, పక్కది నీటిపొక్కుగా, ఇంకోటి అప్పుడే పక్కు కట్టి ఉంటుంది. అన్ని వయసుల పొక్కులూ కలిసి ఉంటాయి. కాళ్ళూ చేతుల కన్నా ఛాతీ, వీపు, మొహం మీద ఎక్కువ. తల్లో కూడా వస్తే ఆటలమ్మేనన్న అనుమానం ఇంకా బలపడుతుంది. ఇది మా రూమ్మేట్‌కి ఏ పుస్తకం చెప్పలేదు.

ఆదివారం ఇంకో డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ రెండు క్షణాల్లో తేల్చేసి, ఎసైక్లోవిర్ రాసి, "నిన్న వచ్చి ఉంటే బాగుండేది" అన్నారు. ఆ "నిన్న" అన్న మాట దగ్గరే అంతా ఉంది. ఈ మందు వైరస్ పెరగకుండా ఆపుతుంది. పొక్కులు మొదలైన 24 గంటల్లోపు వేసుకుంటే పెద్దవాళ్ళలో జబ్బు తీవ్రత తగ్గుతుంది. ఆ తర్వాత మొదలుపెడితే అంత ఫలితం ఉండదు. మోతాదు 800 మిల్లీగ్రాములు, రోజుకి ఐదుసార్లు, ఏడు రోజులు. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడికైతే చాలాసార్లు ఈ మందే అవసరం పడదు, దానంతటదే పోతుంది. అంటే ఆటలమ్మ విషయంలో తొందరపడాల్సిన అవసరం పిల్లల కన్నా పెద్దలకే ఎక్కువ. కానీ మనం పిల్లవాడి ఒంటి మీద మచ్చ చూస్తే పరిగెడతాం, మన ఒంటి మీద చూసుకుంటే "వేడి చేసింది" అని మజ్జిగ తాగుతాం.

పెద్దవాళ్ళకి ఎంత ప్రమాదం? భయపెట్టడం నాకిష్టం లేదు, ఎక్కువమంది రెండు మూడు వారాల్లో లేచి తిరుగుతారు. కానీ లెక్క లెక్కే. అమెరికాలో 1995లో టీకా రాకముందు ఏటా సుమారు 40 లక్షల మందికి ఆటలమ్మ వచ్చేది, వంద నుంచి నూటయాభై మంది దాకా చనిపోయేవారు. జబ్బు పడినవాళ్ళలో పెద్దలు నూటికి ఐదుగురు కూడా ఉండరు. చనిపోయినవాళ్ళలో మాత్రం దాదాపు మూడోవంతు వాళ్ళే. ఊపిరితిత్తులకి పాకడం, నిమ్ము చేయడం పెద్దల్లోనే ఎక్కువ. సిగరెట్ తాగేవాళ్ళలో ఇంకా ఎక్కువ. ఐదో రోజు నాకు పొడిదగ్గు మొదలైతే డాక్టరుగారు ఫోన్లో మొదట అడిగింది "సిగరెట్లు ఎన్ని?" అని. అమ్మ పక్కనే కూర్చుని ఉంది. ఆ జవాబు చెప్పడం పొక్కుల కన్నా మండింది. ఎక్స్‌రేలో ఏమీ లేదు లెండి.

ఇప్పుడు అసలు ప్రశ్న: మన దగ్గర ఇది పెద్దవాళ్ళకి ఎందుకొస్తోంది? ఇంగ్లండ్‌లో, అమెరికాలో టీకా లేని రోజుల్లో పదిహేనేళ్ళు వచ్చేసరికి నూటికి తొంభై మందికి పైగా పిల్లలకి ఇది వచ్చిపోయేది. అందుకే అక్కడ పిల్లల జబ్బయింది. మన దేశంలో నగరాల్లో రక్తపరీక్షలు చేసి, పావు శతాబ్దం కింద ప్రచురించిన ఒక అధ్యయనం చూస్తే బొమ్మ వేరుగా ఉంది. ఐదేళ్ళలోపు పిల్లల్లో పదికి ముగ్గురికే వైరస్ తగిలిన గుర్తులు. పదిహేనేళ్ళకి దగ్గరయ్యేసరికి పదికి ఏడుగురు. ఇరవయ్యో ఏట పదికి ఎనిమిది మంది. తొమ్మిది మంది అయ్యేది ముప్ఫై దాటాకే. అంటే ఇంటర్ అయిపోయి పెట్టె సర్దుకుని పట్నం బయలుదేరే పదిమందిలో ఇద్దరికి ఇంకా తలుపు తెరిచే ఉంది. నలభై మంది హాస్టల్లో ఎనిమిది మంది. మా హాస్టల్లో ఒక్క సీజన్‌లో నలుగురు పడ్డారంటే మరి ఆశ్చర్యమేముంది? నా హాస్టల్ లెక్క అధ్యయనం కాదు, తెలుసు. కానీ హాస్టల్ ఆంటీ గొంతులో ఆశ్చర్యం ఎందుకు లేదో దానితో అర్థమైంది.

ఎందుకిలా అన్నదాని మీద ఇంకా వాదనలున్నాయి. వేడికి, తేమకి ఈ వైరస్ తట్టుకోలేదంటారు కొందరు. పొక్కుల్లోని వైరస్‌ని ఎండే చంపేస్తుందంటారు ఇంకొందరు. చలిదేశాల్లో శీతాకాలమంతా తలుపులు బిగించిన గదుల్లో పిల్లలు ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తారు, మన పల్లెల్లో పిల్లలు చెట్ల కింద, అరుగుల మీద పెరుగుతారు అని కూడా అనుకోవచ్చు. పశ్చిమ బెంగాల్‌లో చూస్తే కలకత్తా వాళ్ళ కన్నా పల్లెవాళ్ళలో రక్షణ బాగా తక్కువగా కనిపించింది. శ్రీలంకలోనూ ఇది పెద్దల జబ్బే. ఏ కారణం ఎంత అన్నది శాస్త్రవేత్తలు తేల్చుకుంటారు. నాకు కనిపించేది ఇది: తణుకు దగ్గర ఊళ్ళో ఆరుబయట పెరిగి, ఆటలమ్మని తప్పించుకున్న వాడొకడు ఇరవై దాటాక పట్నం వచ్చి ఒక కిటికీ ఉన్న ముగ్గురి గదిలో మంచం వేసుకుంటాడు. మాఘం, ఫాల్గుణం రాగానే వైరస్ వాడి కోసం మెట్లెక్కి వస్తుంది. ఇంటర్ పరీక్షలు, సెమిస్టర్లు, అప్రైజల్స్ అన్నీ ఆ నెలల్లోనే.

బ్రిటన్ వాళ్ళు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టారు. వేడిదేశాల నుంచి వచ్చిన ఆడవాళ్ళలో ఆటలమ్మ రక్షణ లేనివాళ్ళు ఎక్కువగా ఉంటారని అక్కడి గర్భిణుల వైద్యులకి తెలుసు. ఇక్కడి మన డాక్టర్లకి రాని అనుమానం, మనమ్మాయి లండన్‌లో నెల తప్పితే అక్కడి నర్సుకి వస్తుంది.

నెల తప్పడం అంటే, నేను చేసిన పెద్ద తప్పు చెప్పాలి.

ఆదివారం రాత్రి నేను స్లీపర్ బస్సెక్కాను. తలకి మఫ్లర్, మొహానికి మాస్కు, కర్టెన్ మూసేసుకుని పై బెర్తులో ముడుచుకున్నాను. అదే పెద్ద జాగ్రత్త అనుకున్నాను. ఈ వైరస్ గాల్లో పోతుంది. పొక్కులు కనపడడానికి ఒకటి రెండు రోజుల ముందే మొదలై, ఆఖరి పొక్కు పక్కు కట్టేదాకా పక్కవాళ్ళకి అంటుతుంది. ఒకే ఇంట్లో ఉంటే, అంతకుముందు రానివాళ్ళలో పదికి తొమ్మిది మందికి వస్తుంది. ఏసీ బస్సు ఇంటి కన్నా ఏం నయం? సూర్యాపేట దగ్గర ఆపినప్పుడు కింది బెర్తులో ఓ చంటిబిడ్డ ఏడ్చింది. ఆ ఏడుపు ఇప్పటికీ గుర్తొస్తుంది. ఆ బిడ్డకి ఏమైందో, ఏమీ కాలేదో నాకెప్పటికీ తెలియదు. ఆ వారం హైదరాబాద్‌లోనే ఎక్కడో గది చూసుకుని ఉండాల్సింది. "అంటువ్యాధి వస్తే కోరంటి దవాఖాన" అని నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని పాత హైదరాబాదీలు ఇప్పటికీ అనే మాట నా చెవిన పడిందే గానీ, నాకు తట్టలేదు. జబ్బు వస్తే అమ్మ దగ్గరికి వెళ్ళాలనే తెలుసు.

తెల్లవారుజామున ఇంటి తలుపు తీసింది వదిన. మూడో నెల.

అమ్మ వెనకనుంచి నా మొహం చూసి, "అయ్యో తల్లీ!" అని చెంపలు వేసుకుని, వదినని రెక్క పట్టుకుని లోపలికి లాగింది. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. వదినకి చిన్నప్పుడు పోసిందా? తనకి గుర్తు లేదు. వాళ్ళమ్మగారికి ఫోన్ చేస్తే, "పోసిందే... ఉండండి, అది పెద్దదానికి. దీనికి తట్టు వచ్చింది" అన్నారు. అసలు నాకే చిన్నప్పుడు పోసిందని అమ్మ ఇన్నాళ్ళూ నమ్మింది. తర్వాత ఆలోచించి చూస్తే అది కూడా తట్టేనట. మన ఇళ్ళల్లో ఒంటి మీద ఏం లేచినా అమ్మవారే కాబట్టి, ఇరవై ఏళ్ళ తర్వాత ఏ పిల్లకి ఏ అమ్మవారో ఎవరు చెప్పగలరు?

గర్భంతో ఉన్నప్పుడు మొదటి ఇరవై వారాల్లో తల్లికి ఆటలమ్మ వస్తే నూటికి ఒకరిద్దరు బిడ్డల్లో కాళ్ళూ చేతులూ, కళ్ళూ సరిగా ఏర్పడకపోవచ్చు. కాన్పుకి ఐదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత వరకు వస్తే పుట్టిన బిడ్డ ప్రాణానికే ముప్పు. తల్లికి కూడా నిమ్ము చేసే ప్రమాదం ఎక్కువ. వదినకి రక్తపరీక్ష చేసి ఐజీజీ, అంటే ఒంట్లో పాత రక్షణ ఉందో లేదో చెప్పే గుర్తు, చూశారు. రక్షణ లేదని తేలితే పది రోజుల్లోపు ఒక ఇమ్యునోగ్లోబ్యులిన్ (రెడీమేడ్ రక్షణ) ఇంజెక్షన్ చెయ్యాలి, అది వెతికి తెప్పించుకోవాలి అన్నారు. మర్నాడు సాయంత్రం దాకా ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. అన్నయ్య వచ్చి నా గది కిటికీ బయట నిలబడి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

రిపోర్టులో రక్షణ ఉందని వచ్చింది. వదినకి ఎప్పుడో వచ్చి, తెలియకుండా పోయింది.

ఇక అమ్మ సంగతి. గుమ్మానికి వేపమండలు కట్టింది. మంచం మీద వేపాకు పరిచి పాత పంచె వేసింది. ఇంట్లో పోపు వేయలేదు, నీచు వండలేదు, ఎవరినీ లోపలికి రానివ్వలేదు. ఒకప్పుడు నేను వీటిని చూసి నవ్వేవాణ్ణి. ఇప్పుడు సగం నవ్వను. గుమ్మానికి వేపమండ అంటే ఊరంతటికీ అర్థమయ్యే బోర్డు: ఇక్కడ అంటుంది, రాకండి. ఆ బోర్డు పక్కు రాలి నీళ్ళు పోసేదాకా తీయరు. ఈనాటి వైద్యం చెప్పే ఐసొలేషన్ కూడా ఇలాంటిదే, కాకపోతే పక్కు కట్టేదాకా చాలంటుంది. నేను బస్సెక్కి చేసిన పని మా అమ్మమ్మ కాలంలో ఎవడైనా చేస్తే ఊరు ఊరుకునేది కాదు.

మిగతా సగంతో నాకు పేచీ ఉంది. స్నానం వద్దనడం వల్ల గోకిన పొక్కులు చీము పడతాయి. అంతకన్నా ముఖ్యం, "మందు వేస్తే అమ్మవారికి కోపం" అనడం. మశూచికి మందే లేని రోజుల్లో పుట్టిన మాట అది. పెద్దమ్మవారు మన దేశం వదిలి వెళ్ళి యాభై ఏళ్ళయింది, 1975లో ఆఖరి కేసు. చిన్నమ్మవారికి మాత్రం ఆ పెద్దావిడ నియమాలే ఇంకా నడుస్తున్నాయి. పిల్లవాడికి మందు వేయకపోతే పెద్ద నష్టం ఉండకపోవచ్చు. మొదటి రోజే మందు పడాల్సిన ముప్ఫయ్యేళ్ళ వాడికి, గర్భిణికి, షుగరు మందులతోనో స్టెరాయిడ్లతోనో బతికేవాళ్ళకి ఈ నియమం ప్రమాదం.

అమ్మతో వాదించలేదు. ఆవిడే దారి కనిపెట్టింది. ఎసైక్లోవిర్ అట్టని తీసుకెళ్ళి దేవుడి అరలో అమ్మవారి పటం ముందు పెట్టి, పసుపు బొట్టు పెట్టి, తెచ్చి నా చేతిలో పెట్టింది. తర్వాత గోడ క్యాలెండర్ వెనక ఆరు, పది, రెండు, ఆరు, పది అని గీతలు గీసి, మాత్ర మింగినప్పుడల్లా ఒక గీత కొట్టేసింది. ముప్ఫై అయిదు గీతలు. ఒక్కటి తప్పలేదు. రాత్రి పదింటి మాత్రకి నేను నిద్రపోతే చెంప మీద పొక్కు లేని చోటు వెతికి తట్టి లేపేది.

టీకా మాట. జపాన్‌లో మిచియాకి తకహాషి 1974లోనే దీన్ని తయారు చేశాడు. మన ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు. పిల్లల డాక్టర్ల సంఘం రెండు డోసులు వేయించమంటుంది, ప్రైవేటులో డోసు సుమారు రెండువేలు, స్తోమత ఉన్నవాళ్ళు వేయిస్తారు. "అందరికీ ఉచితంగా వేసేయండి" అని రాసి ముగిస్తే సులువుగా ఉండేది. కానీ ఇక్కడో చిక్కుంది. పిల్లల్లో నూటికి ఎనభై మందికి తక్కువ కాకుండా ఏటా వేయగలిగితేనే మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. సగం మందికి వేసి ఆపితే వైరస్ తిరగడం తగ్గుతుంది గానీ ఆగదు. మిగతా సగం పిల్లలు దాన్ని చిన్నప్పుడు కలవకుండా పెరిగి, పెద్దయ్యాక కలుస్తారు. డబ్బున్నవాళ్ళే వేయించుకునే మన పద్ధతి అచ్చంగా ఆ సగమే కదా అని నా అనుమానం. అలాగైతే ముందు ముందు అమీర్‌పేట మెట్ల మీద దుప్పట్లు కప్పుకునేవాళ్ళు పెరుగుతారు.

"డెంగీలు, టీబీలు ఉండగా ఆటలమ్మ గోలేమిటి" అని ఓ మిత్రుడన్నాడు. న్యాయమే. నేను ప్రభుత్వం ఖజానా జోలికి వెళ్ళడం లేదు. నేనడిగేది ఒక ప్రశ్న, అంతే. హాస్టల్లో చేరేటప్పుడు ఆధార్ జిరాక్సు అడుగుతారు, అడ్వాన్సు అడుగుతారు, నాన్‌వెజ్ తింటావా అని అడుగుతారు. ఆటలమ్మ పోసిందా అని అడగరు. పెళ్ళికి జాతకాలు అడుగుతారు, ఇది అడగరు. గర్భం వచ్చాక టీకా వేయకూడదు, అది బతికున్న వైరస్‌తో చేసినది. కాబట్టి అడగాల్సింది ముందే. తెలియదంటే రక్తపరీక్ష, లేదా నాలుగు నుంచి ఎనిమిది వారాల ఎడంతో రెండు డోసులు.

విచిత్రమేమిటంటే ఈ ప్రశ్న మన పిల్లల్ని అడిగేవాళ్ళు ఉన్నారు. ఎమ్మెస్‌కి అమెరికా వెళ్ళే వాళ్ళని కనుక్కోండి. చాలా యూనివర్సిటీల ఫారంలో వారిసెల్లా (ఆటలమ్మకి డాక్టర్ల పేరు) గడి ఉంటుంది. రెండు డోసుల తేదీలో, రక్తపరీక్ష రిపోర్టో పెట్టందే రిజిస్ట్రేషన్ కదలదు. వీసా వచ్చిన సంబరంలో ఇంటిల్లిపాదీ వెళ్ళి పిల్లకి ఆ సూదులు వేయించుకొస్తారు. అదే పిల్ల ఇంటర్ అయ్యాక నలుగురు పట్టే గదిలో చేరడానికి హైదరాబాద్ వెళితే దిండూ, ఆవకాయ జాడీ ఇచ్చి పంపుతారు.

పోయిన నెల మా చిన్నత్త కొడుకు బీటెక్‌కి హైదరాబాద్ వెళ్ళే ఏర్పాట్లలో ఉన్నాడని తెలిసి ఫోన్ చేశాను. "అత్తా, వాడికి చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?" అన్నాను. "ఆ, పోసింది. రెండో క్లాసులో" అంది. కాసేపు ఆగి, "కాదేమోరా, అది గవదబిళ్ళలు" అంది. మొదటి డోసు అయింది. రెండోదానికి వాడు హాస్టల్ నుంచి రావాలి, తేదీ నా ఫోన్లో పెట్టుకున్నాను.